రెండేళ్లకే తెరుచుకోని సంగీతం

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ చదువుల పేజీలో, సంగీత ప్రదర్శనను డిజిటల్ టెక్నాలజీతో కలిపి నేర్పే యూనివర్సిటీ కోర్సుల గురించి వ్యాసం వేశారు. ‘లాప్‌టాప్, హెడ్‌ఫోన్స్, ఆసక్తి ఉంటే చాలు’ అన్న వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను. అలాంటి కోర్సే మూడేళ్లుగా చదువుతున్నాను. పోయిన నెలే చివరి రిసైటల్, అంటే పరీక్ష కచేరీ, ఇచ్చాను. నా వయసు 43, వయొలిన్ పట్టి ముప్పై ఏళ్లు దాటింది. క్లాసులో మిగతావాళ్లందరికీ ఇరవై అటూ ఇటూ. మొదటి వారం ‘మేడమ్’ అన్నారు, రెండో నెలకల్లా ‘అక్కా’ అయిపోయాను. ఆ వాక్యం మీద చిన్న ఫిర్యాదు ఉంది. దానికంటే పెద్ద ఫిర్యాదు ఈ చదువు మీదే ఉంది.

ముందు చిన్నది. మొదటి ప్రాక్టికల్ రోజు వయొలిన్ బ్రిడ్జి దగ్గర చిన్న మైక్ తగిలించి, కంప్యూటర్ గుండా స్పీకర్లకు కలిపారు. కమాను తీగను తాకింది, స్వరం చెవికి వచ్చింది, ఒక్క క్షణం ఆగి అదే స్వరం స్పీకర్‌లోంచి మళ్లీ వచ్చింది. ఎవరో వెనక నిలబడి వెక్కిరిస్తున్నట్టు. దానికోసం ఎదురుచూస్తూ నా చెయ్యి దానంతటదే నెమ్మదించింది, నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి లయ చచ్చిపోయింది. ముప్పై ఏళ్ల సాధన ఏమైపోయిందా అని భయమేసింది.

లాబ్‌లో ఒకబ్బాయి వచ్చి సెట్టింగుల్లో ‘బఫర్’ అన్న చోట 1024 అని ఉండటం చూపించాడు. కంప్యూటర్ ధ్వని నుంచి సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే చిన్న కొలతలు, తీసుకుంటూ, వాటిని 1024 చొప్పున మూటలు కట్టి లోపలికి పంపుతోంది, బయటికీ అలాగే పంపుతోంది. ఒక్కో మూటకు 21 మిల్లీసెకన్లు, రానూపోనూ 42 పైమాటే. శబ్దానికి గాలిలో మీటరు దూరం దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే వయొలిన్ నా భుజం మీదే ఉంది, దాని గొంతు మాత్రం 14 మీటర్ల అవతల ఉంది. బఫర్ 128కి తగ్గిస్తే ఆలస్యం తగ్గింది కానీ, ప్రాసెసర్ అందుకోలేక స్పీకర్లలో ఒకటే చిటపటలు. చివరికి 256 దగ్గర రాజీ పడ్డాం. ఇప్పుడు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా, తీగలు శ్రుతి చేసే ముందు ఆ అంకె చూసుకుంటాను.

అక్కడితో బుద్ధి తెచ్చుకోకుండా, నేను ఏ స్వరం వాయిస్తున్నానో కంప్యూటరే గుర్తుపట్టాలని మోజు పడ్డాను. మామూలు పాశ్చాత్య శ్రుతిలో వయొలిన్ అడుగు తీగ సెకనుకు 196 సార్లు కంపిస్తుంది. ఒక్క కంపనానికే 5 మిల్లీసెకన్లు. అది ఏ స్వరమో తేల్చుకోవాలంటే యంత్రం రెండు కంపనాలైనా వినాలి కదా! మంద్రానికి దిగేకొద్దీ దానికి ఇంకాస్త సమయం కావాలి. ఇక గమకం పలికిస్తే అది బిక్కమొహం వేసేది, ఈ స్వరమా పక్కదా అని. విసిగిపోయి, తర్వాతి భాగానికి వెళ్లమని కంప్యూటర్‌కు నేనే చెప్పేలా కాలికింద పెడల్ పెట్టుకున్నాను. ఒక పరీక్షలో కంగారుపడి దాన్ని రెండుసార్లు తొక్కాను. ఒక భాగం మొత్తం ఎగిరిపోయింది. తప్పు పూర్తిగా నాదే. ఆ తర్వాత కమాను సాధన చేసినట్టే రోజూ పెడల్ సాధన కూడా చేశాను, ఉత్త కాళ్లతో, క్లిక్ అరికాలికి తెలిసేలా.

కాబట్టి లాప్‌టాప్ ఉంటే చాలదు. ఇది ఈ కోర్సు చదివే ప్రతి విద్యార్థికీ తెలిసిన సంగతే. పెద్ద ఫిర్యాదుకు వస్తాను.

మొదటి సంవత్సరం చివర్లో వయొలిన్‌కీ కంప్యూటర్‌కీ కలిపి తొమ్మిది నిమిషాల రచన ఒకటి చేశాను. బాగుందన్నారు, మార్కులూ బాగానే వచ్చాయి. ఈ ఏడాది చివరి రిసైటల్‌లో దాన్నే మళ్లీ వాయిద్దామని ఫైలు తెరిచాను. తెర మీద వరసగా మూడు డబ్బాలు వచ్చాయి. ఫలానా ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) కనపడటం లేదు. ఫలానా ప్లగిన్ ఈ వెర్షన్‌కు పనికిరాదు. ఫలానా ఆడియో ఫైలు ఎక్కడుందో చూపించండి. మొదటిది నెలరోజుల ట్రయల్‌లో వాడుకున్నది. రెండోది లాబ్ కంప్యూటర్ల లైసెన్సు మీద నడిచింది, ఆ కంప్యూటర్లనే మార్చేశారు. మూడోది అప్పట్లో ఎవరి డెస్క్‌టాప్ మీద పెట్టానో గుర్తులేదు. అన్నిటికీ ‘సరే’ నొక్కితే ఫైలు తెరుచుకుంది. రంగురంగుల గీతలన్నీ ఉన్నాయి. ప్లే నొక్కితే నిశ్శబ్దం, నాలుగో నిమిషంలో ఎక్కడో ఒక్క గంట మోత, మళ్లీ నిశ్శబ్దం. నా దగ్గర మిగిలింది ఆనాటి రికార్డింగు ఒక్కటే. దాన్ని వినగలను, దానితో కలిసి వాయించలేను.

అదే క్లాసులో ఒకమ్మాయి ఉంది, ఫ్లూట్ వాయిస్తుంది. మొదటి ఏడాది అందరం నవ్వుకున్నాం ఆమెను చూసి. కంప్యూటర్ చేసే ప్రతి పనినీ స్వరాల కింద పెన్సిల్‌తో రాసుకునేది. ‘ఇక్కడ 1.8 సెకన్ల డిలే, ప్రతి ప్రతిధ్వనీ ముందుదానిలో సగం.’ ‘ఇక్కడినుంచి నాలుగు సెకన్లు పట్టి దాచు, పెడల్ తొక్కినప్పుడు ఒక స్థాయి కిందికి దించి వినిపించు.’ ఏ సాఫ్ట్‌వేర్ పేరూ రాయలేదు. పోయిన సెమిస్టర్‌లో సరదాకి ఆ కాగితాలు అడిగి తీసుకున్నాను. ఒక్క సాయంత్రంలో ఆమె రచనను నా కంప్యూటర్‌లో, ఆమె ఎన్నడూ ముట్టని సాఫ్ట్‌వేర్‌తో కట్టేశాను, ఫ్లూట్ బదులు వయొలిన్‌తో వాయించాను. విని ఆమె ఒకటే అంది: “అక్కా, రెండో పేజీలో నేను అనుకున్నదానికంటే నువ్వు వాయించిందే బాగుంది.” కాగితం మీద ఉంది కాబట్టి నాకు అందింది. నాది నాకే అందలేదు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో 1980లలో ధ్వనిని మలిచే 4ఎక్స్ అనే పెద్ద యంత్రం ఉండేది. స్వరకర్త ఫిలిప్ మనూరీ 1987లో ఫ్లూట్‌కూ కంప్యూటర్‌కూ చేసిన ‘జూపిటర్’ దాని మీదే పుట్టింది. ఆ యంత్రం ఎప్పుడో మూలపడింది. తర్వాతి యంత్రాలకూ, అక్కడినుంచి మామూలు కంప్యూటర్లకూ ఓపిగ్గా మార్చుకుంటూ వచ్చారు కాబట్టి రచన బతికింది. ఆ రచనకు సాంకేతికంగా తోడున్న మిల్లర్ పకెట్ 1990లలో ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. దాని ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అక్షరాలు కనపడతాయి. 1988 నాటి స్టాండర్డ్ మిడి ఫైలునూ, ధ్వనిని దాచే 1991 నాటి వేవ్ ఫైలునూ ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లు ఇంచుమించు అన్నీ తెరుస్తాయి. మిడి ఫైలులో ఏ మీట ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారన్నదే ఉంటుంది, ధ్వని ఉండదు. అయినా అస్థిపంజరమైనా మిగులుతుంది కదా. మేం రోజూ పనిచేసే ప్రాజెక్టు ఫైళ్లకు ఆ భాగ్యం కూడా లేదు.

మా కోర్సులో రిసైటల్‌కు మార్కులున్నాయి, రిపోర్టుకున్నాయి, వైవాకున్నాయి. నీ రచనను ఇంకొకరు వాయించగలరా అన్నదానికి ఒక్క మార్కు కూడా లేదు. వయొలిన్ రచన రాసి ఇమ్మంటే, నేను తప్ప ఎవరూ చదవలేని గీతలు ఇస్తే ఊరుకుంటారా? కంప్యూటర్ భాగానికి వచ్చేసరికి ఎందుకు ఊరుకుంటున్నారు?

నేను అడిగేది ఇదీ. చివరి సంవత్సరం ప్రతి విద్యార్థీ తన రచనను, అంటే కాగితాలనూ, వేవ్ ఫైళ్లనూ, ప్రతి ఎఫెక్ట్ ఏం చేయాలో మామూలు మాటల్లో రాసిన పేజీనీ, తోటి విద్యార్థికి అప్పగించాలి. లాప్‌టాప్ ఇవ్వకూడదు. ఫోన్లో సలహాలివ్వకూడదు. ఆ తోటి విద్యార్థి తన కంప్యూటర్‌లో తనకొచ్చిన సాఫ్ట్‌వేర్‌తో దాన్ని కట్టి, పరీక్షకులముందు వాయించాలి. మార్కులు ఇద్దరికీ వేయాలి.

మా మాస్టారితో అన్నాను. “అమ్మా, ఇప్పటికే సిలబస్‌కి టైం చాలడం లేదు” అన్నారు. నిజమే, చాలడం లేదు. కానీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాని బటన్లు ఎక్కడున్నాయో నేర్పడానికి పోయే వారాలు లెక్కేస్తే, ఇందులో సగానికైనా సరిపోతాయి. క్లాసులో ఒకబ్బాయికి వేరే అభ్యంతరం ఉంది. అతను అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయిస్తాడు, రాసిపెట్టడమే ఆ సంగీతాన్ని చంపడం అంటాడు. అతని మాట కాదనను. ఆ పూటకే పుట్టి ఆ పూటకే పోవాలని చేసిన సంగీతాన్ని పోనివ్వాల్సిందే. నాది అలా అనుకుని చేసింది కాదు. పోతుందని తెలియక పోగొట్టుకున్నది.

ఇప్పుడు దాన్ని పాత రికార్డింగు వింటూ మళ్లీ కడుతున్నాను. అప్పుడు ఎంత రివర్బ్, అంటే గది మోత, పెట్టానో చెవితోనే అంచనా వేసుకోవాల్సి వస్తోంది. ఆరో నిమిషంలో ఒక ధ్వని ఉంది. అది నా వయొలినో, వెనక్కి తిప్పిన వయొలినో, కుర్చీ జరిపిన చప్పుడో ఇంతవరకు తేలలేదు.

రిసైటల్‌లో వాయించిన కొత్త రచనకు మాత్రం పదకొండు పేజీలు రాశాను. జూనియర్ ఒకబ్బాయికి ఇచ్చి, నన్నేమీ అడగొద్దు, వచ్చినట్టు కట్టుకో అన్నాను. నాలుగు రోజులు చప్పుడు లేదు. నిన్న రాత్రి ఫోన్ చేశాడు.

“అక్కా, అడగొద్దన్నావని తెలుసు. మూడో పేజీలో పైకి బాణం గుర్తు ఉంది. స్వరం పెంచాలా, సౌండ్ పెంచాలా?”

జవాబు చెప్పలేదు. ఫోన్ పెట్టేసి మూడో పేజీ తీసి చూశాను, అర్థం ఎక్కడా రాయలేదు. రాసి, ఆ ఒక్క పేజీ పొద్దున్నే పంపాను.

ఇట్లు,
చివరి సంవత్సరం విద్యార్థిని
(పేరు ప్రచురించవద్దని మనవి)