2025–26 వార్షిక నివేదిక: మందు కల్లు, గంజాయి, నిషేధం

సభ్యులందరికీ నమస్కారం.

వీధిదీపాలు, మంచినీళ్ల పైపులు, పార్కు ప్రహరీ అర్జీల వివరాలు జమాఖర్చుల పట్టికతో పాటు విడిగా అచ్చువేశాం. ఈ ఏడు సంఘం సమయాన్ని ఎక్కువగా తీసుకున్నది మత్తు సమస్య. అందుకే నివేదికలో మిగతా భాగమంతా దానికే ఇచ్చాం.

సర్వసభ్య సమావేశంలో రెండు మాటలు గట్టిగా వినిపించాయి. పెద్దవాళ్లు అన్నీ బంద్ పెట్టించాలన్నారు. పడుచు సభ్యులు కొందరు 2018లో కెనడా, 2024లో జర్మనీ గంజాయిపై నిషేధం ఎత్తేశాయి కదా, మనకేమైందన్నారు. కార్యవర్గం అభిప్రాయం వేరు. పాలమూరులో ఈ ప్రశ్నను గంజాయితో కాదు, కల్లుతో మొదలుపెట్టాలి. కల్లు దుకాణానికి సర్కారు లైసెన్సు ఉంది. ఆ కల్లులో మత్తు కోసం కలిపే నిద్రమాత్రల మందులు అల్ప్రాజోలం, డైజోపామ్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం పరిధిలోనివి. ఇట్లా కలిపినదాన్నే మందు కల్లు అంటున్నాం. అనుమతి ఉన్నదీ, నిషేధం ఉన్నదీ ఒకే సీసాలో దొరుకుతున్నాయి. తాగేవాణ్ణి ఆ లైసెన్సూ కాపాడలేదు, ఈ చట్టమూ కాపాడలేదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు మనుషులు చనిపోయిందీ ఇట్లాగే.

మందు ఎందుకు కలుపుతారో అర్థం కాకుండా దాడులు చేయించి లాభం లేదు. ఈత, తాటి చెట్లు తగ్గాయి. ఉన్న చెట్టుకైనా ఏడాది పొడుగునా ఒకే తీరుగా కల్లు పారదు. మోకు కట్టి ఎక్కే గీత కార్మికుడు రోజుకు గీయగలిగే చెట్లకూ ఒక హద్దుంది. దుకాణం ముందు నిలబడే జనం మాత్రం తగ్గరు. ఆ తేడాను నీళ్లు, శాక్రిన్, మత్తుమందు పూడుస్తాయి. లెక్క చాలా చిన్నది: డాక్టర్ రాసే చిన్న అల్ప్రాజోలం మాత్రలో ఉండేది 0.25 మిల్లీగ్రాములు, కాబట్టి ఒక్క గ్రాము పొడి 4,000 మాత్రలకు సమానం. చిటికెడు పొడి జేబులో దాగుతుంది, పైగా చెట్టెక్కే పనే లేదు. ఇంకో చిక్కు, ఈ పొడి నీళ్లలో సరిగ్గా కరగదు. డ్రమ్ములో పైన తేటగా ఉండి, అడుగున ముద్దకట్టవచ్చు. నిన్నటి రెండు సీసాలకు ఏమీ కాని మనిషి ఇవాళ ఒక్కదానికే పడిపోవడానికి ఇదొక కారణం. కల్లులో కలిపే మరో మత్తుమందు క్లోరల్ హైడ్రేట్ అట్లా కాదు, ఇట్టే కరుగుతుంది. ఆల్కహాల్‌తో కలిస్తే దాని మత్తు పెరుగుతుంది, ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది.

ఇంట్లోనే కల్తీని పట్టే ఉపాయం చెప్పమని చాలామంది అడిగారు. నమ్మదగింది లేదు. పొద్దున దించిన చెట్టు కల్లు పొద్దుమీకేసరికి పుల్లబడాలి. రాత్రికీ తియ్యగానే ఉంటే తీపి కలిపారని అనుమానించవచ్చు, అంతవరకే. మాత్రల సంగతి ల్యాబ్‌లోనే తేలుతుంది. మూత్రంతో చేసే బెంజోడయాజెపీన్ (అల్ప్రాజోలం, డైజోపామ్ జాతి మందుల) పట్టీ పరీక్ష క్లోరల్ హైడ్రేట్‌ను పట్టదు. పట్టీలో ఏమీ రాలేదని కల్లు మంచిదనుకోవద్దు. సభ్యులు తామే సీసా నింపి తెచ్చి ఫిర్యాదు చేస్తే అది కేసులో నిలవదు. ఎక్సైజ్ అధికారే దుకాణంలో పంచుల (సాక్షుల) ముందు నమూనా తీసి, సీలు వేసి, పంచనామా రాయాలి. కల్లు సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది, గ్యాసు పుట్టి మూత ఎగిరితే నమూనా పోయినట్టే. అందుకే తీసిన రోజే చల్లగా పంపించాలని మా అర్జీలో రాశాం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది. దుకాణాన్ని ఉన్నపళంగా మూయిస్తే ఏమవుతుందో 2015 సెప్టెంబరులో చూశాం. ఎక్సైజ్ దాడులతో మందు కల్లు ఒక్కసారిగా దొరక్కపోయేసరికి చేతులు వణుకుతూ, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో జనం దవాఖానలకు వచ్చారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కిటకిటలాడింది. అది పిచ్చి కాదు. రోజూ అందే మందు ఆగితే మెదడు తిరగబడటం. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోతుంది, కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. డైజోపామ్ నెమ్మదిగా పోతుంది, వారం దాటాక కూడా ముదరవచ్చు. రోజూ మందు కల్లు తాగే కూలీ పుణెకో ముంబైకో వలసపోయి రెండో రోజే పడిపోతే మేస్త్రీ దాన్ని ఎండదెబ్బ అనుకుంటాడు. అందుకే కరపత్రాన్ని కూలీల అడ్డా దగ్గర, బస్టాండు దగ్గర పంచాం.

ఆ కరపత్రంలో ఉన్నది మళ్లీ రాస్తున్నాం, ఇంటిగోడకు అంటించండి. రోజూ తాగే మనిషిని గదిలో వేసి గొళ్లెం పెట్టొద్దు. నిద్ర పట్టక, చెమటలు పట్టి, చేతులు వణికితే ఆ రోజే జనరల్ దవాఖానకు తీసుకుపోవాలి. ఏం తాగుతున్నాడో, రోజుకు ఎన్ని సీసాలో, చివరిసారి ఎప్పుడో దాచకుండా చెప్పాలి. ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, మెడ దగ్గర బట్టలు వదులు చేసి, 108కి ఫోన్ చేయాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ల మధ్య స్పూను దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం చేయొద్దు. డాక్టర్ సాధారణంగా డైజోపామ్ లాంటి మాత్రతోనే మొదలుపెట్టి, వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తాడు. మత్తుకు మళ్లీ మత్తేనా అని ఇంటోళ్లు తగాదా పడేది, మధ్యలో మాన్పించేది ఇక్కడే. మొదటి వారంలో బాగున్నాడని ఆపేస్తే తర్వాత ఫిట్స్ వస్తాయి. మానిన మనిషి మళ్లీ పాత లెక్కన తాగితే ఊపిరి ఆగొచ్చు, ఎందుకంటే ఒంటికి ఆ తట్టుకునే శక్తి అప్పటికి పోయి ఉంటుంది. మెడికల్ షాపులో సొంతంగా మాత్రలు కొని తగ్గించుకునే ప్రయత్నం చేయొద్దు.

మెడికల్ షాపుల గురించి: అల్ప్రాజోలం, డైజోపామ్ షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి. డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. షాపుల వాళ్లతో కూర్చుని ఇది గుర్తుచేశాం. అయితే కల్లులోకి పోయేది షాపు మాత్ర కన్నా టోకు పొడే. షాపు రిజిస్టరుతోనే అంతా ఆగుతుందని ఎవరూ అనుకోవద్దు.

చట్టం మీద జరిగిన చర్చలో ఒక వకీలు సభ్యుడు లేవనెత్తిన అంశం అందరినీ ఆలోచింపజేసింది. ఎన్‌డీపీఎస్ చట్టంలో శిక్ష దొరికిన సరుకు బరువును బట్టి ఉంటుంది. అల్ప్రాజోలానికి చిన్న పరిమాణం 5 గ్రాములు, వాణిజ్య పరిమాణం 100 గ్రాములు. మిశ్రమంలో కలిసిన మిగతా పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుందని 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్షరాలా పట్టుకుంటే ఒక్క సీసా కల్లు బరువే వాణిజ్య పరిమాణం దాటుతుంది, పదేళ్లకు తగ్గని శిక్ష దాకా పోతుంది. తెలియక సీసా పట్టుకున్న కూలీకీ, పొడి అమ్మినవాడికీ ఒకే తూకమా? గంజాయికి చిన్న పరిమాణం కిలో, వాణిజ్యం 20 కిలోలు. దానికి తోడు ఇదే చట్టం అదే మొక్క ఆకుతో చేసే భంగును వదిలేసింది. చట్టంలో 64ఏ సెక్షన్ అని ఒకటుంది. వాడకానికో, చిన్న పరిమాణానికో కేసైన బానిస తానే గుర్తింపు పొందిన చోట చికిత్సకు వస్తే శిక్ష నుంచి రక్షణ దొరుకుతుంది, చికిత్స మధ్యలో మానేస్తే అది పోవచ్చు. ఇది తెలిసినవాళ్లు చాలా తక్కువ.

బయటి అనుభవాలనూ సభ ముందు పెట్టాం. బిహార్ 2016లో మద్యం నిషేధించింది. 2022 డిసెంబరులో ఛప్రా దగ్గర కల్తీ సారా ప్రాణాలు తీసింది. పోర్చుగల్ 2001లో వాడేవాడిని జైలు నుంచి తప్పించి కమిటీ ముందుకు, చికిత్సకు పంపింది. అమ్మకం మాత్రం నేరంగానే ఉంచింది. అమెరికాలోని ఒరెగాన్ 2020లో అట్లాంటి ఓటే వేసింది. చికిత్సకు డబ్బు, పడకలు ఆలస్యంగా వచ్చాయి, వీధుల్లో బహిరంగ వాడకంపై జనం కోపం పెరిగింది, 2024లో మళ్లీ నేరం చేశారు. శిక్ష తీసేసినంత మాత్రాన పడక పుట్టదు.

కార్యవర్గం మీ ఓటుకు పెడుతున్న తీర్మానాలివి. మందు పొడి తెచ్చేవాడి మీద, కలిపేవాడి మీద ఎన్‌డీపీఎస్ కేసు గట్టిగా పెట్టాలి. తాగినవాణ్ణి 64ఏ కింద దవాఖానకు పంపాలి. ఏ దుకాణం మూయించినా అధికారులు ముందుగా జనరల్ దవాఖానకు కబురు పెట్టి, మాత్రలు, పడకలు సిద్ధం చేయించాలి. బీడు భూముల్లో, చెరువు కట్టల మీద ఈత, తాటి మొక్కలు పెంచాలి. గీత సొసైటీ సభ్యులు ఇందుకు ఒప్పుకున్నారు. గంజాయికి అనుమతి కోరే తీర్మానాన్ని మాత్రం కార్యవర్గం సిఫారసు చేయడం లేదు. లైసెన్సు ఉన్న కల్లునే సరిగ్గా తనిఖీ చేయించలేని చోట ఇంకో లైసెన్సు అడగడం తొందరపాటు. ఒప్పుకోని సభ్యులు సవరణను రాతపూర్వకంగా ఇవ్వవచ్చు.

మానాలనుకునేవారికి 14446, మనసు బాగాలేనివారికి 14416, మత్తుమందు అమ్మకాల సమాచారం ఇవ్వడానికి 1908. కరపత్రాలు సంఘం గదిలో ఉన్నాయి, వలస పోయే ఇంటివాళ్లు ముందుగా తీసుకుపోండి.