టవర్లు లేని చోట చారల గుర్రాల జాడ

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం అందింది. అమ్మగారి ఆరోగ్యం కుదుటపడిందని చదివాక మనసు తేలికపడింది. ఇక నీ ప్రశ్నకు వస్తాను. ఫోను సిగ్నలే లేని అడవిలో జంతువు మెడకు పరికరం కడితే, అది ఎక్కడెక్కడ తిరిగిందో మనకెలా తెలుస్తుందని అడిగావు. నాకు తెలిసిన జవాబుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది జీబ్రానెట్.

అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త మార్గరెట్ మార్టొనోసి, జీవశాస్త్రవేత్త డేనియల్ రూబెన్‌స్టైన్ తమ బృందాలతో కలిసి చేసిన పని అది. 2004 జనవరిలో కెన్యాలో చారల గుర్రాల (జీబ్రాల) మెడలకు పట్టీలు కట్టారు. ఒక్కో పట్టీలో జీపీఎస్, చిన్న కంప్యూటర్, రేడియో, బ్యాటరీ, దాన్ని నింపే సౌరఫలకాలు ఉండేవి. జంతువు ఎక్కడుందో 8 నిమిషాలకోసారి నమోదయ్యేది. అంతకుముందు యాంటెన్నా పట్టుకొని జీపులో వెంట తిరగాల్సి వచ్చేది. చీకటి పడితే ఆ పని మరీ కష్టం.

అసలు చిక్కంతా కరెంటు దగ్గరే. రేడియో చాలా దూరం పలకాలంటే బ్యాటరీ నిలవదు. పెద్ద బ్యాటరీ పెడదామంటే, మోసేది సింహం కనబడితే పరుగెత్తాల్సిన ప్రాణి! అందుకని కబురు దూరం పంపే ఆలోచనే మానేసి, దాన్ని చారల గుర్రాలతోనే మోయించారు. రెండు జంతువులు దగ్గరికి వస్తే వాటి పట్టీలు తమ దగ్గరున్న వివరాలన్నీ ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒకటి తన తిరుగుడుతో పాటు మిగతావాటి తిరుగుడూ మోస్తుంది. పరిశోధకుల జీపుకు ఏ ఒక్కటి ఎదురుపడినా, ఎప్పుడూ కంటపడని వాటి జాడ కూడా చేతికొస్తుంది. అవి అందాక, ఫలానా వివరాలు చేరాయి, ఇక చెరిపేయవచ్చు అన్న కబురు కూడా అలాగే ఒక పట్టీ నుంచి మరో పట్టీకి పాకుతుంది. రేడియోలు రోజంతా వెలగవు. అన్నీ ఒకే వేళకు మేల్కొంటాయి. జీపీఎస్ చెప్పే సమయమే వాటికి గడియారం.

సాధారణంగా వైర్‌లెస్ పనిలో కదలిక అంటే తలనొప్పి, బంధం తెగిపోతుందని. ఇక్కడ ఆ కదలికే టపా బండి అయింది. జంతువుల బతుకు తెలిసిన మనిషి పక్కన లేకుండా ఇది కుదిరేది కాదని నా గట్టి నమ్మకం. మైదానపు చారల గుర్రాలు ఒక మగది, కొన్ని ఆడవి, వాటి పిల్లలతో చిన్న కుటుంబాలుగా ఉంటాయి. కాబట్టి ఒకదానికి పట్టీ కడితే కుటుంబమంతా ఎటు వెళ్లిందో తెలిసిపోతుంది. నీళ్ల దగ్గర కుటుంబాలు కలిసినప్పుడు కబుర్లూ చేతులు మారతాయి.

నీకు పులులంటే ప్రాణమని తెలుసు కనుక ముందే చెబుతున్నాను, వాటికి ఈ పద్ధతి నప్పదు. పులి ఒంటరిగా తిరుగుతుంది. మరో పులిని కలిసేదే తక్కువ, ఇక కబురు ఎవరికిస్తుంది? దానికి ఉపగ్రహానికి చెప్పే పట్టీయే మేలు. గుంపుగా తిరిగే ఏనుగుల సంగతి మాత్రం ఆలోచించదగ్గది. నీకేమనిపిస్తుందో వివరంగా రాయి.

పిల్లలకు ఆశీస్సులు.

నీ
సుధాకర్