అమిగా 500కు పనికిరాని ‘అనుకూల’ మానిటర్: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: 19 అంగుళాల ఎల్‌సీడీ కలర్ మానిటర్, దాంతో ఇచ్చిన 23 పిన్నుల వీజీఏ కేబుల్

అయ్యా,

ఈ మానిటర్ ‘అమిగా 500, అటారీ ఎస్‌టీలకు నేరుగా పనిచేస్తుంది’ అని మీ అమ్మకపు పేజీలో రాశారు. అవి రెండూ 1980ల నాటి ఇంటి కంప్యూటర్లు. అమిగా 500కు తగిలిస్తే ‘ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్’ అని చూపి తెర నల్లబడుతోంది. మానిటర్ చెడిపోలేదు, ల్యాప్‌టాప్‌తో బాగానే ఉంది. కంప్యూటరూ బాగానే ఉంది, అదే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) సాకెట్ నుంచి కమోడోర్ 1084ఎస్ అనే పాత మానిటర్ మీద రంగులన్నీ వస్తున్నాయి. కాబట్టి ‘రీప్లేస్‌మెంట్ పంపుతాం’ అన్న మీ ప్రతిపాదన వల్ల కొరియర్ ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు.

కారణం మీ మాన్యువల్ చివరి పేజీలోనే ఉంది. హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు గీసే గీతలు) 30 నుంచి 83 కిలోహెర్ట్జ్, వర్టికల్ (సెకనుకు చూపే ఫ్రేములు) 56 నుంచి 75 హెర్ట్జ్ అని అచ్చు వేశారు. పాల్ అనే టీవీ పద్ధతికి చేసిన అమిగా పంపేది సుమారు 15.6 కిలోహెర్ట్జ్, 50 హెర్ట్జ్. మన దూరదర్శన్ పాత అనలాగ్ ప్రసారాల వేగమూ అదే, అందుకే ఈ యంత్రాన్ని పాత టీవీలకు కలిపేవారు. వీజీఏ అనే కంప్యూటర్ మానిటర్ల సిగ్నల్ మొదలయ్యేదే 31.5 కిలోహెర్ట్జ్ దగ్గర. మీ కేబుల్ విప్పి చూస్తే లోపల తీగలు తప్ప ఏమీ లేవు: 3, 4, 5 పిన్నుల ఎరుపు, ఆకుపచ్చ, నీలం, 11, 12 పిన్నుల సింకులు (గీత, ఫ్రేము ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సంకేతాలు) తెచ్చి వీజీఏ ప్లగ్గుకు అతికించారు. ప్లగ్గు సాకెట్‌లో పట్టినంత మాత్రాన సిగ్నల్ వేగం రెట్టింపు కాదు.

స్కాన్ డబ్లర్ పెట్టుకోమని మీ టెక్నీషియన్ సలహా. అది గీతల వేగాన్ని 31 కిలోహెర్ట్జ్ దాటిస్తుంది, కానీ సెకనుకు 50 ఫ్రేములు 50గానే ఉంటాయి. మీ మానిటర్ కింది హద్దు 56. అంటే ఒక తలుపు తెరిచినా రెండోది మూసే ఉంది. ఈ రెండో హద్దు గురించి మీవాళ్లెవరూ మాట్లాడలేదు.

కాల్ సెంటర్ ఇచ్చిన మిగతా సలహాలు ఇంకా విడ్డూరం. రిజల్యూషన్ 1024×768కి మార్చమన్నారు. ఈ యంత్రం పాల్‌లో మామూలుగా చూపేది 320×256 లేదా 640×256, ఇంటర్‌లేస్ (ఒకటి విడిచి ఒకటి గీతలు గీయడం) పెడితే 640×512. బొమ్మంతా ఒకే తీగలో పంపే కాంపోజిట్ సాకెట్ వాడమన్నారు. అమిగా 500లో ఆ సాకెట్ నుంచి నలుపు తెలుపే వస్తుంది. 4096 రంగుల యంత్రానికి కలర్ మానిటర్ కొన్నది అందుకా? వీజీఏ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి మార్చే చిన్న డబ్బా కొనమన్నారు. అదీ 31 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌నే ఆశిస్తుంది.

మీ ప్రకటనకు మూలం ఏమై ఉంటుందో ఊహించగలను. 1990 నాటి అమిగా 3000లో 31 కిలోహెర్ట్జ్ ఇచ్చే వీజీఏ సాకెట్ విడిగా ఉంది. అటారీ ఎస్‌టీ మోనో (నలుపు తెలుపు) మోడ్ 640×400, దాదాపు 71 హెర్ట్జ్, 35.7 కిలోహెర్ట్జ్, అది మీ హద్దుల్లోనే ఉంది. అయితే ఎస్‌టీ రంగుల మోడ్‌లు మళ్లీ 15.7 దగ్గరే. నలుపు తెలుపు బొమ్మ చూసి ‘కలర్ మానిటర్ అనుకూలం’ అని రాయడం పరీక్ష అనిపించుకోదు.

నేను కోరేవి ఇవి. మానిటర్, కేబుల్ ధర, రానుపోను కొరియర్ ఖర్చుతో సహా 15 రోజుల్లో నా ఖాతాకు వాపసు చేయండి. ‘వాడిన వస్తువు’ అంటూ కోత పెట్టొద్దు, లోపం వాడకంలో లేదు. అమ్మకపు పేజీ నుంచి అమిగా 500, ఎస్‌టీ రంగుల మోడ్ పేర్లు తీసేయండి. హారిజాంటల్, వర్టికల్ హద్దులను ధర పక్కనే కనబడేలా రాయండి. నిజంగా ఈ యంత్రాలకు అమ్మదలిస్తే 15 కిలోహెర్ట్జ్, 50 హెర్ట్జ్ రెండూ తీసుకునే ప్యానెల్ తెప్పించండి. కేబుల్ విడిగా అమ్మేటట్లయితే 22వ పిన్ను మీద 12 వోల్టులు ఉంటాయని ప్యాకెట్ మీద హెచ్చరిక వేయండి. 25 పిన్నుల ప్లగ్గును కోసి ఈ 23 పిన్నుల సాకెట్‌లో దూర్చేవాళ్లు చాలామందే ఉన్నారు.

గడువులోగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. బిల్లు, మీ పేజీ స్క్రీన్‌షాట్, మాన్యువల్ చివరి పేజీ ఫొటో, రెండు మానిటర్ల తెరల ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
కొనుగోలుదారు