పేరెంట్స్ మీటింగ్‌కు ముందు

టీచర్లందరికీ నమస్కారం. మీటింగ్ దగ్గర పడింది కాబట్టి రాస్తున్నాను.

"మీ వాడు అసలు చదవట్లేదండీ" అంటే తల్లిదండ్రులకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఇంటికెళ్లి పిల్లాడికి చీవాట్లు పెడతారు, అంతే. దాని బదులు నోటుబుక్కు తెరిచి చూపించండి. "కూడికలు బాగా చేస్తున్నాడు. తీసివేతల్లో అప్పు తెచ్చుకునే చోట తడబడుతున్నాడు, ఇదిగో చూడండి. రోజూ రెండు లెక్కలు మీ ముందు చేయించండి, శుక్రవారం నేను మళ్లీ చూస్తాను." ఇలా చెబితే వాళ్లేం చేయాలో, మనమేం చేస్తామో తేలిపోతుంది. తర్వాత వాళ్లను మాట్లాడనివ్వండి. ఇంట్లో పిల్లాడి సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

మార్కులు, ప్రవర్తన గురించి పేరెంట్స్ గ్రూపులో పేరు పెట్టి రాయొద్దు, విడిగా ఫోన్ చేయండి. చదవడం రాని వాళ్లకు వాయిస్ మెసేజ్ చాలు. రాత్రి పదింటికి మాత్రం వద్దు, మనకూ నిద్ర కావాలిగా!

క్లాసు విషయానికొస్తే, ప్రశ్న అడిగాక కాస్త ఆగండి. టీచర్లు మామూలుగా ఒక్క సెకనుకు మించి ఆగడం లేదని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే గమనించారు. కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు. ఆ 3 సెకన్లు గంటలా అనిపిస్తాయి. మనసులో లెక్కపెట్టుకోండి.

మంచి పని చేసిన పిల్లల ఇళ్లకు కూడా ఈ వారమే ఒక్కో ఫోన్ కొట్టండి.