కావలి దగ్గర మా కారు టైరు వాల్వ్ బాగుచేసిన అన్నకు కృతజ్ఞతలు

మా అమ్మగారిని కంటి పరీక్ష కోసం ఒంగోలు నుంచి నెల్లూరుకు తీసుకువెళ్తుండగా, కావలి దాటాక జాతీయ రహదారి పక్కనున్న ఒక చిన్న పంచర్ షాపులో మాకు అందిన సాయానికి పదిమందిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. షాపు నడుపుతున్న అన్న పేరు గానీ, ఆ రోజు తన వంతు మాకు వదిలిన లారీ డ్రైవర్ పేరు గానీ వారిని అడగకుండా ఇక్కడ పెట్టడం భావ్యం కాదు కాబట్టి పెట్టడం లేదు.

మా కారు ఎడమవైపు ముందు టైరులో కొంతకాలంగా గాలి తగ్గుతూ వస్తోంది. విచిత్రమేమిటంటే, కారు ఇంటి ముందు ఎన్నాళ్లు నిలిపి ఉంచినా గాలి దిగేది కాదు. హైవే మీద దూరం వెళ్లి వస్తే మాత్రం దిగేది. ఒంగోలులో ఒక షాపులో చక్రం విప్పించి నీళ్ల తొట్టిలో ముంచి చూపించినా ఒక్క బుడగ రాలేదు, మేకు లేదు, పంచర్ లేదు, గాలి కొట్టి పంపించారు. వారిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఈ లోపం తొట్టిలో బయటపడేది కాదు.

ఆ మధ్యాహ్నం కావలి దాటాక స్టీరింగ్ ఎడమకు లాగడం మొదలైంది. షాపు దగ్గర ఆపేసరికి అక్కడ ఒక గ్రానైట్ లారీ చక్రం అప్పటికే విప్పి ఉంది. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రేవుకు రాళ్లు తీసుకువెళ్తున్న ఆ డ్రైవర్, కారులో అమ్మను చూసి, "పెద్దామె ఎండలో ఉండాది, ముందు వాళ్లది చూడన్నా" అని తనంతట తానే పక్కకు తప్పుకున్నారు. పక్కన టీ బంకు నడిపే ఆవిడ మేము అడగకముందే ఒక కుర్చీ తెచ్చి వేపచెట్టు నీడలో వేశారు.

షాపు అన్న జాకీ ముట్టుకోకముందు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "నిలబెట్టినప్పుడు పోతా ఉండాదా, తిరిగినప్పుడు పోతా ఉండాదా?" నేను చెప్పింది విని ఆయన టైరు వైపు చూడనే లేదు. నేరుగా వాల్వ్ మూత తీసి, సబ్బు నురగ వేలితో తీసుకుని వాల్వ్ నోటి మీద పెట్టారు. నురగ కదలలేదు, అంటే లోపలి పిన్ను బాగానే ఉంది. తరువాత అదే నురగను వాల్వ్ రిమ్ములోకి దిగే మొదట్లో చుట్టూ పూసి, వాల్వ్‌ను బొటనవేలితో మెల్లగా పక్కకు వంచారు. వంచినంతసేపు ఆవగింజలంత బుడగలు వరసగా వచ్చాయి, వేలు తీయగానే ఆగిపోయాయి. "టైరులో ఏం లేదు సార్, ఈ నెక్కు మొదట్లో చీలి ఉండాది. బండి నిలబడితే రబ్బరు మూసుకుంటాది, స్పీడు మీద చక్రం విసురుకు ఇది వంగేసరికి నోరు తెరుచుకుంటాది" అని ఆయన చెప్పినప్పుడు, ఇంతకాలం మాకు అంతుపట్టని సంగతి పూర్తిగా అర్థమైంది.

అంతటితో ఆగి వాల్వ్ మార్చేసినా సరిపోయేది, కానీ అది ఎందుకు చీలిందో కూడా ఆయన వెతికారు. టైరు అంచును రిమ్ము నుంచి విడదీసి, పాత వాల్వ్ కోసి బయటకు తీసి నా చేతిలో పెట్టారు. దాని మెడ మీద ఒకవైపు గోరు గుచ్చినట్టు వంపు తిరిగిన గాటు ఉంది. చక్రానికి బిగించే ప్లాస్టిక్ కవర్‌ను ఎప్పుడో ఎవరో కొద్దిగా పక్కకు తిప్పి కొట్టడం వల్ల, వాల్వ్ కోసం దానిలో ఉండే ఖాళీ సరిగ్గా ఎదురు పడక, కవర్ అంచు రబ్బరును రాస్తూ వచ్చిందట. పైగా ఆ వాల్వ్ మా రిమ్ముకు అవసరమైన దానికన్నా పొడవైన టీఆర్ 414 రకం (టీఆర్ నంబర్లు వాల్వ్ సైజుల పేర్లు).   ఆయన దాని బదులు టీఆర్ 413 వేశారు. రెండూ పట్టేది 11.5 మిల్లీమీటర్ల రంధ్రమే అయినా, 413 పొట్టిది కనుక వేగంలో తక్కువ ఊగుతుంది. రిమ్ము రంధ్రం చుట్టూ పట్టిన తుప్పును ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త వాల్వ్‌కు సబ్బు నీళ్లు రాసి, లోపలి నుంచి దూర్చి బయటకు లాగితే టప్పుమని కూర్చుంది. తుప్పు తీయకుండా బిగిస్తే కొత్తదీ అక్కడే కారుతుందని ఆయన అన్నారు. తొందరలో చాలామంది వదిలేసే పని ఇదేనని నా అభిప్రాయం.

మిగిలిన మూడు చక్రాల వాల్వులనూ అలాగే వంచి చూశారు. కుడివైపు ముందుదానికి సన్నని పగుళ్లు కనిపించడంతో దానినీ మార్చారు, వెనుకవి బాగున్నాయని ముట్టుకోలేదు. కారు ఎండలో పరుగెత్తి వచ్చింది కనుక టైరు వేడి మీద గాలి మీటరు 33 పీఎస్‌ఐ చూపిస్తే చల్లారాక తగ్గుతుందని, మరుసటి ఉదయం బండి కదపకముందు నెల్లూరులో మళ్లీ కొలిపించుకోమని చెప్పి పంపారు. అలాగే కొలిపించాను. తిరిగి ఒంగోలు చేరిన తరువాత కూడా గాలి దిగలేదు.

అన్నా, డాక్టరుగారు ఇచ్చిన సమయానికి అమ్మను చేర్చగలిగామంటే అది మీ చలవే. నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చిన టీ బంకు అమ్మగారికీ మా కుటుంబం తరఫున నమస్కారాలు. ఇక ఆ లారీ డ్రైవర్ గారు మేము బయలుదేరేటప్పటికి లారీ కింద పడుకుని నిద్రపోతుండడం వల్ల ఆయనకు సరిగా చెప్పనైనా చెప్పలేకపోయాను. ఆయనను ఎరిగినవారు ఎవరైనా ఇది చూస్తే, మా ధన్యవాదాలతో పాటు, సరుకు వేళకు రేవుకు చేరిందా అని అడిగామని కూడా దయచేసి తెలియజేయండి.