బిగినర్ కాంబో ఇక మన షాపులో ఉండదు

వచ్చే నెల నుంచి విశాఖలోని మన బేకింగ్ సామాన్ల షాపులో బిగినర్ కాంబో పెట్టె అమ్మడం ఆపేస్తున్నాం. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు కంగారు పడొద్దు, మీ సంగతి చివర్లో చెప్తాను. ఫోన్ చేసినవాళ్లందరూ ఇదే అడుగుతున్నారు కాబట్టి ఎందుకు ఆపుతున్నామో ఒకేసారి రాసేస్తున్నా.

ఆ పెట్టె గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కొత్తగా కేకులు మొదలుపెట్టేవాళ్ల కోసం టర్న్ టేబుల్, రకరకాల నాజిళ్లు, పైపింగ్ బ్యాగులు, ప్లాస్టిక్ కొలత కప్పులు, పాలెట్ నైఫ్, బ్రష్ అన్నీ ఒక్కచోట పెట్టి ఇచ్చే సెట్ అది. గిఫ్ట్ ఇవ్వడానికి చూడముచ్చటగా ఉంటుంది. మాకూ విడి సామాను కంటే దాని మీదే ఎక్కువ మిగులుతుంది, దాచడానికేం లేదు. కానీ అందులో కాటా ఉండదు, ఓవెన్ థర్మామీటర్ ఉండదు, కేకు కాల్చడానికి పనికొచ్చే టిన్ ఒక్కటీ ఉండదు. క్రీమ్‌తో పువ్వులు వేసే సరంజామా అంతా ఉంటుంది, ఆ పువ్వులు మోసే కేకు సరిగ్గా కాలడానికి కావలసినవి మాత్రం ఉండవు. పెట్టె కొన్నవాళ్లే మళ్లీ వచ్చి, “కేకు మధ్యలో కుంగిపోయిందండీ, మీ బేకింగ్ పౌడర్ మంచిది కాదా?” అంటున్నారు. పౌడర్ బాగానే ఉంటుంది. తేడా కొలతలోనో వేడిలోనో ఉంటుంది.

అందుకే ఇకమీదట ఎవరైనా “మొదలుపెడుతున్నాం, ఏం కొనాలి?” అని అడిగితే ముందు కాటా చూపిస్తాం. డిజిటల్‌ది, 5 కిలోల దాకా తూచేది, 1 గ్రాము తేడా చూపించేది చాలు. ఊళ్లో మంచి బేకరీలో కేజీ కేకుకి పెట్టే డబ్బు కంటే తక్కువకే వస్తుంది. కప్పులుండగా కాటా ఎందుకని అనుమానమున్నవాళ్లకి కౌంటర్ మీదే చేసి చూపిస్తున్నాం. ఒకే కప్పు, ఒకే మైదా. డబ్బాలో ముంచి, కాస్త అదిమి తీస్తే 150 గ్రాముల దాకా తూగుతుంది. అదే మైదాని చెంచాతో వదులుగా నింపి, పైన చాకుతో గీసేస్తే 120, 125 దగ్గర ఆగుతుంది. రెండు కప్పుల మైదా పడే కేకులో ఈ లెక్కన 50 గ్రాముల తేడా వచ్చేసింది. ఇక ఆ కేకు పొడిబారి గట్టిగా రాకపోతే ఆశ్చర్యం. పైగా కప్పుల్లో కూడా 240 మిల్లీలీటర్లవి ఉన్నాయి, 250వి ఉన్నాయి. వీడియోలో ఆవిడ ఏ కప్పు వాడిందో మనకెలా తెలుస్తుంది? కాటా అయితే గిన్నె పెట్టి, బరువు మళ్లీ సున్నాకి తెచ్చే టేర్ బటన్ నొక్కుతూ, మైదా, పంచదార, నూనె ఒకదాని తర్వాత ఒకటి అందులోనే తూచుకోవచ్చు. అంట్లు తగ్గుతాయి, అది మాత్రం ఇంట్లో అందరికీ నచ్చే సంగతి.

కొలత స్పూన్ల సెట్ మాత్రం తప్పదు. వంట సోడా, బేకింగ్ పౌడర్ లాంటివి రెండు మూడు గ్రాములే పడతాయి, అంత తక్కువ బరువు దగ్గర ఈ కాటాల్ని నమ్మలేం. టీ స్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ అంటే 15. ఇంట్లో టీ కలిపే చెంచా ఏ లెక్కలోకీ రాదు.

ఇక ఓవెన్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేదీ ఎక్కువ టెన్షన్ పడేదీ దీని దగ్గరే. “మా ఓటీజీలో 350 లేదండీ, 250 వరకే ఉంది, పెద్దది కొనాలా?” అని మొన్న ఒక మేడమ్ అడిగారు. ఓటీజీ అంటే ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్. అమెరికా రెసిపీల్లో 350 అంటే ఫారెన్‌హీట్, మన లెక్కలో దాదాపు 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్. మీ ఓటీజీ భేషుగ్గా ఉంది, ఏమీ కొనక్కర్లేదు. అసలు చిక్కు వేరే ఉంది. డయల్ మీద 180 పెట్టినంత మాత్రాన లోపల 180 ఉందని కాదు. ఒకరి ఓవెన్లో 160 ఉంటుంది, ఇంకొకరి దాంట్లో 200 దాటుతుంది. వేడి చేసే రాడ్ ఆగి వెలుగుతూ ఉంటుంది కాబట్టి వేడి ఎప్పుడూ పైకీ కిందకీ ఆడుతూనే ఉంటుంది. చిన్న థర్మామీటర్ మధ్య అరలో పెట్టి, 20 నిమిషాలు వేడెక్కాక తలుపు తీయకుండా అద్దంలోంచి కాసేపు చూడండి. ఎక్కువసేపు ఎక్కడ నిలుస్తుందో అదే మీ ఓవెన్ అసలు వేడి. డయల్ కంటే ఎంత తేడా ఉందో ఒక కాగితం మీద రాసి ఓవెన్ పక్కన అతికించుకుంటే ఆ తర్వాత దాంతో రోజూ పనుండదు.

రోజూ పనుండదు కాబట్టే, థర్మామీటర్ కొనమని ఒత్తిడి చెయ్యం. డిపాజిట్ కట్టి తీసుకెళ్లండి, చూసుకుని తిరిగిచ్చేయండి, డబ్బు వెనక్కిస్తాం. పగిలితే డిపాజిట్ పోతుంది, అంతే.

కొత్తగా ఓటీజీ కొనేవాళ్లు 25 నుంచి 30 లీటర్ల మధ్య చూసుకోండి. మరీ చిన్నవాటిలో పై రాడ్ కేకు నెత్తిమీదే ఉంటుంది, పైన మాడుతుంది, లోపల పచ్చి. ఇంకొకటి, ఈ సైజువి 1500 వాట్ల అటూ ఇటూ లాగుతాయి. గీజర్‌కి పెట్టే 16 ఆంప్స్ ప్లగ్గులోనే పెట్టాలి. మిక్సీ ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి నడపొద్దు, ప్లగ్గు కరిగిపోయి వాసనొచ్చాక మా దగ్గరికి వచ్చి లాభం లేదు. మనం ఓటీజీలు అమ్మం కాబట్టి ఇందులో నాకొచ్చేదేం లేదు.

ఇంట్లో మైక్రోవేవ్ ఉన్నవాళ్లు ముందు బటన్లు చూడండి. కన్వెక్షన్ అని ఉంటే మామూలు ఓవెన్‌లాగే కాలుతుంది, ఆ మోడ్‌లో మెటల్ టిన్ కూడా పెట్టొచ్చు. లేకపోతే కప్పు కేకులు ఏవో అవుతాయి గానీ, పైన ఎర్రగా కాలిన కేకు రాదు. ఇవేవీ లేవంటే పాత అల్యూమినియం కుక్కర్ చాలు. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, మీద స్టాండ్ పెట్టి సన్నసెగ మీద కాల్చుకోవచ్చు. మన అమ్మలు అలాగే చేశారు. కొత్త కుక్కర్‌తో మాత్రం వద్దు, నీళ్లు లేకుండా అంతసేపు కాగితే పాడవుతుంది.

టిన్నులు రెండు చాలు, అల్యూమినియంవి. 6 అంగుళాలది అరకేజీకి, 8 అంగుళాలది కేజీకి. రెండంగుళాలే కదా తేడా అనుకుంటారు గానీ, 8 అంగుళాల టిన్ను వైశాల్యం 6 అంగుళాలదానికి దాదాపు రెట్టింపు. 8కి రాసిన కొలతలు 6లో పోస్తే పొంగి ఓవెన్ అంతా కారుతుంది. అడుగు ఊడొచ్చే స్ప్రింగ్‌ఫామ్ టిన్నులు అడిగితే ఇస్తాం గానీ, బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్లకి ముందే చెప్తున్నాం. అవి ఇనుప రేకువి, ఉప్పుగాలికి ఇట్టే తుప్పు పడతాయి. కడిగి, తుడిచి, ఆర్పేసిన ఓవెన్ వేడిలోనే కాసేపు ఆరబెడితే ఎక్కువ కాలం ఉంటాయి. నల్లటి నాన్‌స్టిక్ టిన్ను వాడితే 10 డిగ్రీలు తగ్గించి పెట్టండి, అంచులు తొందరగా మాడతాయి.

బటర్ పేపర్ అని బజారులో చవగ్గా దొరికేదానికీ బేకింగ్‌కి వాడే పార్చ్‌మెంట్‌కీ తేడా ఉంది. పార్చ్‌మెంట్‌కి సిలికాన్ పూత ఉంటుంది, కేకు అంటుకోదు. మొదటిది తినుబండారాలు చుట్టడానికి బాగుంటుంది. ఈ నెల నుంచి రెండో రకమే తెప్పిస్తున్నాం, ధర ఎక్కువే.

కరెంటుతో తిరిగే హ్యాండ్ బీటర్ గురించి తొందరపడకండి. శనివారం గుడ్డు ముట్టని ఇళ్లు మనకి చాలా ఉన్నాయి. పెరుగు, సోడాతో చేసే ఎగ్‌లెస్ కేకుకి చేత్తో తిప్పే విస్క్ చాలు, బీటర్‌తో ఎక్కువసేపు తిప్పితే సాగినట్టు అవుతుంది కూడా. గుడ్లు నురగొచ్చేలా గిలకొట్టే స్పాంజ్ కేకుకి, క్రీమ్‌కి వచ్చినప్పుడు కొనుక్కోండి. సర్వీస్ సెంటర్ ఊళ్లో లేని రకాలు మేం తీసేశాం. జల్లెడ, గిన్నెలు పూర్ణా మార్కెట్‌లో మనకంటే చవక, అక్కడే తీసుకోండి. రబ్బరు గరిటె లాంటి సిలికాన్ స్పాచులా మాత్రం మంచిది చూసి ఒక్కటి కొనండి, గిన్నెలో పావు కేకు మిగిలిపోకుండా ఉంటుంది.

మన ఊరి చెమ్మ గురించి ఒక్క మాట. బేకింగ్ పౌడర్ చిన్న ప్యాకెట్లే కొనండి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. అనుమానమొస్తే అర చెంచా వేడినీళ్లలో వేసి చూడండి, బుసబుసా పొంగాలి. సోడా అయితే నిమ్మరసంలో. పొంగకపోతే పారేయడమే, జాలి పడొద్దు.

విప్పింగ్ క్రీమ్ డెలివరీ కూడా మారుతోంది. గాజువాక, మధురవాడ, పెందుర్తి వైపు మధ్యాహ్నం పూట పంపం. గడ్డకట్టిన క్రీమ్ ఎండలో బండి మీద అంత దూరం వెళ్లేసరికి కరుగుతుంది, మళ్లీ ఫ్రీజర్లో పెడితే విరిగినట్టయి సరిగ్గా నిలబడదు. పొద్దున్నే, లేదంటే సాయంత్రం పొద్దు వాలాక. లేదా ఐస్ బ్యాగ్ పట్టుకుని మీరే రండి.

ఈ మార్పు వల్ల మాకు క్రిస్మస్ సీజన్‌లో గల్లా కొంచెం తేలికవుతుంది. కాంబో ఒక్కటి మిగిల్చేది నాలుగు కాటాలు మిగల్చవు. అయినా కేకు రాక మూల పడేసిన పెట్టె కొన్నవాళ్లు మళ్లీ మైదాకీ క్రీమ్‌కీ మన దగ్గరికి రారు. వ్యాపారం ఆ రెండో రాక మీదే నడుస్తుంది.

అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి మూడు దారులు. పెట్టే కావాలంటే ఉన్న స్టాకులోంచి ఇస్తాం. వద్దంటే అదే డబ్బుకి కాటా, స్పూన్లు, 6 అంగుళాల టిన్, పార్చ్‌మెంట్ తీసుకోండి, ఇంకా కొంత మిగులుతుంది, అది వెనక్కిస్తాం. ఏదీ వద్దంటే మొత్తం అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తాం, బిల్లు తెస్తే చాలు. బిల్లు పోయినా ఫోన్ నంబర్ చెప్పండి, పుస్తకంలో రాసి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు ఉండదు, సోమవారం మామూలే.