కార్డు మోసంలో మూడు రోజుల గడువు సంగతి బ్యాంకులు తెలుగులో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

క్రెడిట్ కార్డు మోసాల వార్తలు మీ పత్రికలో తరచుగా వస్తున్నాయి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, తెలియని లింకులు తెరవవద్దని హెచ్చరికలు కూడా వాటితోపాటే ఉంటున్నాయి. అవి అవసరమే. అయితే డబ్బు పోయిన మరుక్షణం ఎవరికి చెప్పాలో, ఎన్నాళ్ళలోగా చెబితే నష్టం కార్డుదారు మీద పడదో వివరించేవారు తక్కువ. ఆ సంగతిని కార్డు చేతికిచ్చే రోజే బ్యాంకులు తెలుగులో రాసి ఇవ్వాలని కోరడానికే ఈ లేఖ.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న జారీ చేసిన సర్క్యులర్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. తప్పు బ్యాంకుదైతే కార్డుదారు పైసా కూడా భరించనక్కర్లేదు. తప్పు బ్యాంకుదీ కార్డుదారుదీ కాక మధ్యలో మరెక్కడో జరిగినప్పుడు, లావాదేవీ సందేశం అందిన రోజును మినహాయించి 3 పనిదినాల్లోగా బ్యాంకుకు తెలియజేస్తే అప్పుడు కూడా నష్టమంతా బ్యాంకుదే. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే, 5 లక్షల రూపాయల వరకు పరిమితి ఉన్న కార్డుకు ఒక్కో లావాదేవీ మీద గరిష్ఠంగా 10,000 రూపాయలు, అంతకు మించిన పరిమితి ఉన్న కార్డుకు 25,000 రూపాయలు కార్డుదారు భరించాలి. ఏడు పనిదినాలు దాటితే ఆ బ్యాంకు పెట్టుకున్న విధానమే దిక్కు. ఓటీపీనో పిన్‌నో కార్డుదారే చెప్పినట్లయితే నష్టం అతనిదే కానీ, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే లావాదేవీలకు మాత్రం బ్యాంకే బాధ్యత వహించాలి. ఎలాంటి మోసమైనా ముందు కార్డును బ్లాక్ చేయించి, ఫిర్యాదు సంఖ్యనూ సమయాన్నీ రాసి పెట్టుకోవడం అందుకే ముఖ్యం.

ఈ గడువు తెలియకపోతే ఏమవుతుందో మా వీధిలోనే చూశాను. పింఛను మీద బతికే ఒక పెద్దాయన కార్డు మీద శనివారం రాత్రి విదేశీ వెబ్‌సైట్లలో కొనుగోళ్ళు జరిగాయి. ఓటీపీ రాలేదు, ఎవరూ అడగలేదు; విదేశీ సైట్లలో చాలా వాటికి దాని అవసరమే లేదు. సోమవారం ఆయన శాఖకు వెళితే, బిల్లు వచ్చాక చూద్దామని చెప్పి పంపేశారు. నోటిమాటగా చెప్పి వచ్చారే తప్ప చేతిలో ఫిర్యాదు సంఖ్య లేదు. బిల్లు వచ్చేసరికి ఏడు పనిదినాలు దాటిపోయాయి. కౌంటరులో ఉన్న ఉద్యోగికే గడువు సంగతి తెలియనప్పుడు, డెబ్బై ఏళ్ళ మనిషి దాన్ని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో అచ్చువేసిన నిబంధనల పుస్తకంలో వెతికి పట్టుకోవాలనడం అన్యాయం.

ఆయన కార్డు మీద విదేశీ లావాదేవీలు మూసి ఉంటే అసలీ నష్టమే జరిగేది కాదు. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం కొత్త కార్డు దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల యంత్రాల దగ్గర మాత్రమే పనిచేసే స్థితిలో రావాలి. ఆన్‌లైన్, విదేశీ, కాంటాక్ట్‌లెస్ (కార్డును యంత్రం దగ్గర ఉంచి చెల్లించే) వాడకాలను కార్డుదారే తెరుచుకోవాలి, పరిమితులు కూడా తానే పెట్టుకోవచ్చు. అవసరం లేనివన్నీ మూసి ఉంచడం కన్నా సులువైన రక్షణ నాకు కనిపించలేదు, ఎందుకంటే మనం ఏమరుపాటుగా ఉన్నప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్న ఏపీకే ఫైళ్ళ (ఫోనులోకి యాప్‌ను ఎక్కించే ఫైళ్ళ) మోసం ఇంతకన్నా చిక్కైనది. రివార్డు పాయింట్లు ఈ రాత్రితో రద్దవుతాయని, కేవైసీ పూర్తి చేయాలని బ్యాంకు గుర్తుతో సందేశం వస్తుంది. ఆ ఫైలును ఫోనులోకి ఎక్కించుకుని, అది అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఎస్సెమ్మెస్‌లు మోసగాడికి చేరిపోతాయి. ఓటీపీ ఎవరికీ చెప్పలేదని బాధితుడు అనేది నిజమే, ఓటీపీతోనే లావాదేవీ జరిగిందని బ్యాంకు అనేదీ నిజమే. ఇలాంటి చోట తప్పంతా కార్డుదారుదేనని ఒక్క వాక్యంతో ఫిర్యాదును మూసివేయడం సరికాదు. బాధ్యత ఎవరిదో రుజువు చేయవలసిన భారం బ్యాంకు మీదే ఉందని అదే సర్క్యులర్ చెబుతోంది. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమచేయాలని, 90 రోజుల్లోగా విషయం తేల్చాలని, ఈలోగా కార్డుదారు మీద వడ్డీ భారం పడకూడదని కూడా అందులో ఉంది. ఈ మాట తెలియక, అప్పులు తీర్చే తీరును చూపే సిబిల్ స్కోరు పడిపోతుందన్న భయంతో, తాము వాడని సొమ్మును అప్పు చేసి కట్టేస్తున్నవారున్నారు.

సైబర్ నేరాల ఫిర్యాదుల హెల్ప్‌లైన్ అయిన 1930 నంబరుకు ఫోన్ చేస్తే బ్యాంకుకు చెప్పినట్లేనని చాలామంది అనుకుంటున్నారు. ఆ ఫిర్యాదు సొమ్మును మోసగాడి ఖాతాలో స్తంభింపజేయడానికి ఉపయోగపడుతుంది కనుక గంటల్లోనే చేయాలి. కానీ 3 పనిదినాల లెక్క బ్యాంకుకు తెలియజేయడంతో ముడిపడి ఉంది కాబట్టి రెండు చోట్లా చెప్పాల్సిందే. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుమేమీ లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోని రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితులు ఈ నియమాలను ఒక పేజీ తెలుగులో రాయించి, ప్రతి కొత్త కార్డుతోపాటు ఇప్పించాలి, ప్రతి శాఖ గోడ మీదా పెద్ద అక్షరాలతో అంటించాలి. లావాదేవీ జరిగినట్లు వచ్చే ఎస్సెమ్మెస్ కూడా, కనీసం కోరినవారికైనా, తెలుగులో రావాలి. కార్డు మోసం వార్త వేసిన ప్రతిసారీ దాని కిందే 1930 నంబరునూ 3 పనిదినాల గడువునూ ప్రచురించవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం